ఏమీ మార్చలేదు, చుట్టూ చేర్చినాను, అంతే

హలో... హలో... ఎక్కతా ఉండాదా వాయిస్? ఆ, ఎర్రగా వెలగతా ఉండాది. సరి.

నేను మునిరత్నం మాట్లాడతా ఉండాను. మన ఊరి గ్రూపులో అందరికీ ఒకే తూరి చెప్పేస్తాను, వినండి. నిన్నటి నుంచి ఫోను మీద ఫోను. "ఏం మునిరత్నం, మీ ఎనుముల కొట్టం మీద మీ బావ మొగం ఉండాదే, ఎలక్షన్‌కు నిలబడతా ఉండాడా?" అని ఒకరు. "కొట్టం మీద నల్లద్దాలు పెట్టుకోని ఎవురితో ఫోన్లో మాట్లాడతా ఉండాడు?" అని ఇంకొకరు. మల్లాపురం బస్సులో పోయేవాళ్ళు కూడా తలకాయ బయట పెట్టి చూసి పోతా ఉండారంట!

ఎవురూ ఎలక్షన్‌కు నిలబడలేదు సామీ. అదంతా నేను చేసిన ఘనకార్యం. మా పాప యూనివర్సిటీ కాన్ఫరెన్సుకు పోయింది కదా, దాని వల్ల వచ్చింది. కాన్ఫరెన్సుకూ కొట్టానికీ ఏం సంబంధం అంటారా? అది చెప్పేదానికే టీ గ్లాసు పట్టుకోని కూచున్నాను. మీరూ ఒక టీ పెట్టుకోండి, కత పొడుగు. టైప్ చెయ్యమని మాత్రం అడగొద్దండి. నాకు తెలుగు రాసేదానికి రాదు, తమిళంలో కొడితే వేలు నొస్తాది. నోరుండగా వేలికెందుకు పని?

మా పవిత్ర మీకు తెలుసు కదా. ధర్మపురిలో హాస్టల్లో ఉండి బీయస్సీ జువాలజీ చదవతా ఉండాది, ఇది మూడో సంవత్సరం. మనిండ్లల్లో కందులకు ఎర్రమన్ను కట్టి ఎండబెట్టి పెడతాము కదా, పురుగు పట్టకుండా? మా అమ్మ కట్టింది, మా అవ్వ కట్టింది, నేనూ కడతాను. ఎందుకు అని ఎవురూ అడగలేదు. ఇది అడిగింది! మన్ను వల్లనే పురుగు రాకుండా ఉండాదా, వేపాకు వేస్తే కూడా సరిపోతాదా, ఊరికే ఎండబెడితే కూడా చాలునా అని. దీనికి పేరు రీసెర్చ్ అంట.

ఇంగ మొదలైంది మా ఇంట్లో. ఫ్రిజ్జు మీద సీసాలు. ఒకదాంట్లో ఊరికే కందులు, ఒకదాంట్లో వేపాకు వేసిన కందులు, ఒకదాంట్లో మన్ను కట్టిన కందులు. వాటిలోకి పురుగుల్ని ఎవురు వదిలినారు అనుకున్నారు? అదే వదిలింది! చేత్తో పట్టి, లెక్కపెట్టి! మా ఇంటామె సరోజ తల కొట్టుకుంటా ఉండాది. "ఊర్లో అందరూ పురుగుల్ని ఏరి బయట పారేస్తారు, నా కూతురు మాత్రం మూత పెట్టి సాకతా ఉండాది" అని. ఎవురన్నా చుట్టాలు వస్తే ఆ సీసాల మీద తువాలు కప్పేది.

మన్ను కట్టింది ఎవురంటారు? నేనే. చెరువు పక్క నుంచి ఎర్రమన్ను తెచ్చి, జల్లెడ పట్టి, నీళ్ళు కలిపి, కందులు అందులో వేసి పిసికి, గోనెపట్ట మీద ఎండబోసినాను. "నైనా, నువ్వే కట్టు. నేను కడితే ఒక గింజకు ఎక్కువ, ఒక గింజకు తక్కువ పడతా ఉండాది" అనింది పాప. చూడండి, రీసెర్చ్‌లో నాకూ ఒక చెయ్యి ఉండాది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తాది.

సరి. వాళ్ళ కాలేజీలో సుమతి మేడమ్ అని ఒకామె ఉండాది, మంచి ఆమె, తమిళామె. పాపకు ఈ పని నేర్పించింది ఆమే. ఆమె అనిందంట, "సేలం పక్క యూనివర్సిటీలో డిగ్రీ పిల్లలకని కాన్ఫరెన్సు ఉండాది, నీ పనిని పోస్టరుగా పెట్టి చెప్పు" అని. ఆడ బాగా చెప్పినవాళ్ళల్లో కొందరిని ఎండాకాలం లీవుల్లో యూనివర్సిటీ ల్యాబ్‌లోకి పిలుస్తారంట. మా పాపకు ఆ ల్యాబ్ మీదే పిచ్చి. కాలేజీలో ఒక్క మైక్రోస్కోపుకు క్లాసంతా లైన్లో నిలబడాలంట, ఈ పిల్ల కన్ను పెట్టే లోపల బెల్లు కొడతాదంట. "ఆడైతే నైనా, నా ముందర ఒకటి ఉంటాది, నేను ఎంత సేపైనా చూడొచ్చు" అని చెప్తా ఉంటే దాని మొగం చూడాల మీరు!

కానీ దానికి ఒక్కటే భయం. నలుగురి ముందర మాట్లాడాలంటే గొంతు ఎండిపోతాది. లీవుకు ఇంటికొచ్చినప్పుడు కొట్టంలోకి పోయి ఎనుములకు చెప్పి చూసుకునేది, ఇంగ్లీషులో. "గుడ్ మార్నింగ్ రెస్పెక్టెడ్ జడ్జెస్" అంటానే పాలిచ్చే మా పెద్దెనుము చెవులు ఆడించేది. నాలుగు మాటలు చెప్పేది, ఆడ నిలిచిపోయేది. మళ్ళీ మొదట్నుంచి. ఎనుము ముందరే నిలిచిపోతే జడ్జి ముందర ఏమవుతాది అని నాకు లోపల దిగులు. పైకి మాత్రం, "ఏం తల్లీ, ఎనుముకే అర్థమైపోయింది, జడ్జికి అర్థం కాదా?" అన్నాను. అది నవ్వలేదు.

ఈ బిడ్డకు నేను ఏమన్నా చెయ్యాల అని మనసు కొట్టుకుంటా ఉండాది. అప్పుడు వచ్చింది దాని వాయిస్ నోట్. "నైనా, పోస్టరు పీడీఎఫ్ పంపినాను. పళ్లిపట్టిలో ఫ్లెక్సులో వేయించు, పేపరైతే చినిగిపోతాది. ఎట్లుండాదో అట్లనే ప్రింట్ చెయ్యమను. ఏమీ మార్చొద్దు, సరేనా?" నేను, "సరే తల్లీ." మళ్ళీ ఒక నోట్: "నైనా, ఏమీ!" నేను, "ఏమీ!" అన్నాను. దేవుడి మీద ఆన, నేను ఏమీ మార్చలేదు.

పళ్లిపట్టి జంక్షన్లో ఫ్లెక్స్ అంగడి సెల్వం ఉండాడు కదా, మన కల్యాణాలకూ చెవులు కుట్టే ఫంక్షన్లకూ అందరికీ బేనరు వేసేది వాడే, వాని దగ్గరికి పోయినాను. ఫోన్లో నుంచి ఫైలు వాని కంప్యూటర్‌కు పంపించినాను. తెరిచినాడు. చూసినాడు. కుర్చీలో వెనక్కి వాలి, గొంతు తగ్గించి అడిగినాడు.

"అన్నా... ఇంట్లో ఎవురన్నా పోయినారా?"

"ఏం మాట సెల్వం ఇది! నా కూతురి పోస్టరు!"

"లేదన్నా, తెల్ల బేక్‌గ్రౌండు, నల్లక్షరాలు, పూలు లేవు, కలర్ లేదు. కణ్ణీర్ అంజలి బేనరు కూడా దీనికన్నా కళగా వేస్తానే నేను."

కణ్ణీర్ అంజలి అంటే తెలుసు కదా, సావు బేనరు. వంగి చూసినాను. నిజమే! తెల్లగా, బోసిగా, అంతా ఇంగ్లీషు. మధ్యలో మూడు కడ్డీలు నిలబెట్టిన బొమ్మ ఒకటి. ఊరికే పెట్టిన కందులకు పెద్ద కడ్డీ, వేపాకుకు నడిమి కడ్డీ, మన్నుకు పొట్టి కడ్డీ. ఎన్ని గింజలకు పురుగు బొక్క పెట్టిందో ఆ లెక్క. పొట్టిగా ఉంటే మంచిదంట. ఇది చూసేదానికి ఎవురొస్తారు? నా బిడ్డ దాని పక్కన ఒంటిగా నిలబడుకోని, గొంతెండిపోయి... వద్దప్పా!

"సెల్వం, లోపల ఏమీ మార్చకూడదు" అన్నాను.

"లోపల ఎందుకన్నా మారుస్తాము? చుట్టూ చేరుస్తాము, అంతే" అన్నాడు.

ఈ మాట నాకు ఎంత న్యాయంగా వినిపించిందో ఏం చెప్పేది! లోపల మార్చలేదు కదా? చుట్టూ కదా?

మొదట చుట్టూ బంగారు రంగు అంచు. సరి, బాగుండాది. రెండు పక్కలా దీపస్తంభాలు. సరి. పైన రెండు నెమళ్ళు. "పాప ఫోటో ఉందా అన్నా?" ఉండాది, మా తమ్ముని కల్యాణంలో జడ నిండా పూలు పెట్టుకోని గెడ్డం కింద చెయ్యి పెట్టుకున్న ఫోటో. పెట్టినాడు. దాని కింద తమిళంలో "ఆరాయ్చి రాణియే వరుగ వరుగ" అని కొట్టినాడు. పరిశోధనల రాణీ, రావమ్మా అని. నాకు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి.

సరిగ్గా అప్పుడు పక్క టీ అంగడిలో నుంచి బయటికొచ్చినాడు మా బావ గోవిందరాజు. సరోజకు అన్న, మా పాపకు మేనమామ. కంప్యూటర్ వైపు చూసినాడు, నా వైపు చూసినాడు.

"ఏం బావా, పాపకు బేనరా?"

"అది... అవును బావా."

"మంచిది, మంచిది" అని నిలబడుకున్నాడు. పోలేదు.

మీకు తెలుసు, మన పక్కల పిల్ల బేనరులో మేనమామ ఫోటో లేకుంటే ఏమవుతాదో. పోయిన సంవత్సరం మా సొంతవాళ్ళ ఇంట్లో చెవులు కుట్టే బేనరులో ఈయన ఫోటో మర్చిపోయినారు. పందిట్లో గోడ వైపు తిరిగి కూచున్నాడు. బిరియానీ తినలే! మా బావ బిరియానీ తినలేదంటే ఎంత కోపమో మీరే చూసుకోండి. అందుకని నేను, "బావా, నీ ఫోటో ఒకటి పంపించు" అన్నాను. నోట్లో మాట నోట్లో ఉండగానే వచ్చేసింది ఫోటో. తెల్ల చొక్కా, తెల్ల పంచె, నల్లద్దాలు, చెవికి ఫోను, నడిచొస్తా ఉన్నట్లు. ఈ ఒక్క ఫోటో తీసుకునేదానికి స్టూడియోలో ఫేను పెట్టించుకున్నాడంట, పంచె ఎగరాల అని.

బావది పెట్టి తమ్మునిది పెట్టకుంటే బాగుంటాదా? తమ్మునిది పెట్టి పిన్నమ్మది వదిలేస్తే? సొంతవాళ్ళ గ్రూపులో ఒక చిన్న వాయిస్ నోట్ వేసినాను. "పాప కాన్ఫరెన్సు బేనరు తయారవతా ఉండాది, ఫోటో కావలసినవాళ్ళు పంపించండి" అని. అంతే! వాన పడినట్లు పడినాయి ఫోటోలు. తమ్ముడు తిరుపతిలో గుండుతో. పిన్నమ్మ రేషన్ కార్డులో ఫోటోను ఫోటో తీసి పంపించింది. ఇంకొకరు ఎనుమును పట్టుకోని నిలబడిన ఫోటో పంపించినారు, ఎనుమును కోసేదానికి సెల్వానికి టీ తాగే టైము పట్టింది.

"నీ ఫోటో అన్నా?" అన్నాడు సెల్వం.

నేను వద్దన్నాను. ఒక్కసారే వద్దన్నాను. రెండోసారి అడిగినాడు.

చుట్టూ ఇంగ చోటు లేదు. "లోపల ఆ పొట్టి కడ్డీ పైన ఊరికే ఖాళీగా ఉండాది అన్నా, దేన్నీ మూయదు" అని పక్క అంచులో నా తలకాయను ఎట్లనో ఇరికించి, నేను దండం పెట్టే చేతుల్ని ఆ ఖాళీలోకి వంచి పెట్టినాడు. చేతి గడియారం కూడా బాగా కనిపిస్తా ఉండాది. సరే, ఈ ఒక్కటి కొంచెం లోపలికి వచ్చింది. కానీ మార్చలేదు కదా!

కాన్ఫరెన్సు పొద్దు వచ్చింది. పాప హాస్టల్ నుంచి మేడమ్‌తో నేరుగా పోతాది, మేము పోస్టరు తీసుకోని బావ కారులో పోవాల. పోస్టరు ఎట్లుండాదని అది ఫోన్లో అడిగితే, "చూస్తావు కదా!" అన్నాను. సంతోషం పట్టలేక నా గొంతే మారిపోయింది. సరోజ తట్టలో పండ్లు, పూలు, తమలపాకులు పెట్టుకోని వచ్చింది. "ఫంక్షన్‌కు ఒట్టి చేతుల్తో పోతారా?" అని. ఫ్లెక్సు చుట్ట చూస్తే కొబ్బరి మాను మాదిరి ఉండాది, కారులో పట్టలేదు, పైన కట్టినాము.

తొప్పూరు కనుమలో లారీలు నిదానంగా పోతా ఉండాయి కదా, ఆడ గాలికి చుట్ట ఒక పక్క విప్పుకునింది. బావ మొగం కారు పైన పటపటపట కొట్టుకుంటా ఉండాది! టీ కోసం నిలిపితే ఒక లారీ డ్రైవర్ వచ్చి వంగి చూసి, "అన్నా, ఏ కట్చి?" అన్నాడు. ఏ పార్టీ అంట! మా బావ నల్లద్దాలు సరిచేసుకోని, "ఇంకా తేల్చుకోలేదప్పా" అన్నాడు. ఆ డ్రైవర్‌కు టీ కూడా ఇప్పించినాడు.

నవ్వతా నవ్వతా పోయి చేరినాము. హాల్లోకి అడుగు పెట్టినాను.

ఆడనే నిలిచిపోయినాను.

హాలంతా వరసగా బోర్డులు. ప్రతి బోర్డు మీద ఒక పోస్టరు. తెల్ల బేక్‌గ్రౌండు, నల్లక్షరాలు. పూలు లేవు. నెమళ్ళు లేవు. మేనమామలు లేరు. ఆ చివర నుంచి ఈ చివర దాకా అంతా కణ్ణీర్ అంజలి!

"సరోజా," అన్నాను మెల్లగా, "ఏదో తప్పు జరిగినట్లుండాది."

పాప పరిగెత్తుకుంటా వచ్చింది. నీలం చుడీదారు, బిగించి వేసిన జడ, చెప్పాల్సిన మాటలు రాసుకున్న చిన్న చీటీని చేతిలో ముడుచుకోని ఉండాది. మొగం తెల్లగా పాలిపోయింది, భయానికి. "నైనా, పోస్టరు ఏదీ? జడ్జీలు ఆ చివర మొదలుపెట్టేసినారు" అనింది. తర్వాత బావ భుజం మీద ఉండే చుట్ట చూసింది. "అది ఏంది?"

బావే చుట్టను నేల మీద పెట్టి కాలితో తోసినాడు. అది విప్పుకుంటా పోయింది, విప్పుకుంటా పోయింది... మొదట నెమళ్ళు. తర్వాత పిన్నమ్మ. తర్వాత రాణియే వరుగ వరుగ. పక్క బోర్డుల పిల్లలు వెనక్కి జరిగి చోటిచ్చినారు.

పాప అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. పక్కన ఉండే కుర్చీలో కూచునింది, అంతే. చేతిలో చీటీ కింద పడింది. "నైనా," అనింది, "ఏమీ మార్చొద్దు అని చెప్పినాను కదా నైనా."

"మార్చలేదు తల్లీ," అన్నాను. నా గొంతు కూడా ఎండిపోయింది, ఎవురి నుంచి వచ్చిందో ఆ జబ్బు ఇప్పుడు తెలిసింది. "చుట్టూ చేర్చినాను, అంతే."

బావ అప్పుడు కూడా, "ఏమి ఇప్పుడు? బోర్డులో పట్టకుంటే బయట చెట్టుకు కట్టేద్దాం, రోడ్డుకు కూడా కనిపిస్తాది" అన్నాడు.

"మామా!" అనింది పాప. ఆ ఒక్క మాటకు మా బావ నల్లద్దాలు తీసేసినాడు.

ఇంతలో సుమతి మేడమ్ వచ్చింది. చూసింది. చెయ్యి నోటి మీద పెట్టుకునింది. అయిపోయింది, ఈమె కూడా ఏడస్తా ఉండాది అనుకున్నాను. భుజాలు కదులుతా ఉండాయి. లేదు, నవ్వతా ఉండాది! నవ్వి నవ్వి కండ్లు తుడుచుకోని, మోకాళ్ళ మీద కూచోని, మధ్యలో ఉండే భాగాన్ని వేలితో తడిమి చూసింది. తమిళంలో, "పవిత్రా, లే. నీ పోస్టరు లోపల చక్కగా ఉండాది, అదే సైజులో. చుట్టూ కత్తిరించెయ్యండి, అంతే" అనింది.

కత్తిరించాల! దేంతో? మా దగ్గర ఉండేది సరోజ పండు కోసే చాకు ఒకటి. అది ఫ్లెక్సు మీద పెట్టి లాగితే ముడుచుకుంటా ఉండాది. నేను హాలంతా పిచ్చోని మాదిరి తిరిగినాను. స్టేజి పక్కన వెండి తట్ట, అందులో చందనం, రోజాపూలు, కత్తెర. పొద్దున ఎవురో పెద్దాయన రిబ్బన్ కట్ చేసిన కత్తెర! దానికి ఇంకా ఎర్ర కుచ్చు కట్టే ఉండాది. అడిగినానా, అడగలేదా, నాకు గుర్తు లేదు. తట్టతో సహా ఎత్తుకోని వచ్చేసినాను.

జడ్జీలు నాలుగు బోర్డుల అవతల ఉండారు. నేను నేల మీద కూచోని నా సొంతవాళ్ళను కోసినాను. తమ్ముని గుండు పోయింది. పిన్నమ్మ పోయింది. "అయ్యో, ఆమె కన్ను మీదుగా కోయొద్దయ్యా!" అని సరోజ పక్కన నుంచి. నెమళ్ళు పోయినాయి. ఇంతలో ఫోన్లో గ్రూపు టింగు టింగు అంటా ఉండాది: "బేనరు కట్టినారా? నా మొగం కనిపిస్తా ఉందా?" అని. కనిపిస్తా ఉందమ్మా, నా ఒళ్ళో కనిపిస్తా ఉంది!

తర్వాత బావ ఫోటో దగ్గరికొచ్చినాను. అందరికన్నా పెద్దది. కత్తెర నిలిచిపోయింది. నిలబడిన బావ పండుకున్న బావను చూస్తా ఉండాడు. నేనెట్ల కోసేది? ఈ మనిషి ఫోటో లేకుంటే బిరియానీ తినడు, కోస్తే ఏం చేస్తాడు?

బావ పాపను చూసినాడు. అది మొగం తుడుచుకుంటా, పడిపోయిన చీటీని వెతుక్కుంటా ఉండాది. ఆయన పంచె ఎగ్గట్టి కింద కూచున్నాడు. "ఇయ్యి బావా కత్తెర. నా మొగం నేనే కోసుకుంటాను. ఇంకొకరు కోస్తేనే నాకు కోపం వస్తాది."

కోసినాడప్పా! నాలుక పక్కకు పెట్టుకోని, పంచె అంచు కూడా చెడకుండా, తన్ను తాను చుట్టూ కోసుకున్నాడు. కుచ్చు కత్తెరతో! అది చూసి పాప మొదట ఊఁ అనింది, తర్వాత హిఁ అనింది, ఆ తర్వాత ఆపలేకపోయింది. మేడమ్ నవ్వింది, సరోజ నవ్వింది, పక్క బోర్డు పిల్లలు వచ్చి బోర్డు పిన్నులు ఇచ్చినారు. పాప కడుపు పట్టుకోని నవ్వి, "మామా, ఫోను మాత్రం వదిలెయ్ మామా, జడ్జీతో మాట్లాడేదానికి" అనింది. ఎనుముల ముందర నవ్వని పిల్ల!

చివరికి నేను మిగిలినాను. తలకాయ అంచులో ఉండాది, సులభంగా పోయింది. కానీ చేతులు? లోపల పొట్టి కడ్డీ పైనే ఉండాయి. వాటిని కోస్తే బొమ్మ పోతాది. వదిలేసినాము. తెల్లటి పోస్టరు, మూడు కడ్డీలు, ఎర్రమన్ను కడ్డీ నెత్తిన రెండు చేతులు దండం పెడతా, గడియారంతో సహా! బోర్డుకు కొట్టినాము, జడ్జీలు వచ్చేసినారు.

మేము ఆ వెండి తట్ట దాచుకోని వెనక నిలబడుకున్నాము. పాప నోరు తెరిచింది. నేను కండ్లు మూసుకున్నాను. ఎనుము దగ్గర నిలిచిపోయే చోటు వస్తాది ఇప్పుడు... వచ్చింది... పోయింది! అది నిలవలేదు. నవ్వి నవ్వి గొంతు విడిపోయిందేమో, ఏరు మాదిరి పోతా ఉండాది ఇంగ్లీషు. చీటీ కూడా చూడలేదు.

జడ్జీల్లో ఒకాయన, తెల్ల గెడ్డం ఆయన, అద్దాలు పైకెత్తి బొమ్మ దగ్గరికి వంగినాడు. వంగినాడు, వంగినాడు. తమిళంలోనే అడిగినాడు. "ఏమ్మా, ఈ చేతులు ఎవురివి?"

నాకు భూమి తెరుచుకుంటే బాగుండు అనిపించింది.

పాప ఒక్క క్షణం ఆ చేతుల్ని చూసింది. తర్వాత నన్ను చూపించింది. "మా నైనావి సార్. ఈ గింజలకు మన్ను కట్టింది ఈ చేతులే. నేను కడితే సమంగా రాలేదు. అందుకని మన్ను గింజలన్నిటికీ ఒకరి చేతే కట్టించినాను" అనింది.

ఆయన గట్టిగా తలాడించినాడు. "ఒకరి చేతే కట్టించింది మంచి పని. ఈ మాట పోస్టరులో రాయలేదే?" అన్నాడు. ఆ తర్వాత మన్ను యాడిది, ఎన్ని రోజులు ఎండబెడతారు, మబ్బు పడితే ఏం చేస్తారు అని నన్నే అడిగినాడు. నేను చెప్పినాను. నా సంగతి మీకు తెలుసు, నేను చెప్తే ఎంత సేపు చెప్తానో. చివరికి పాప నా చొక్కా పట్టి లాగింది.

మధ్యాన్నం భోజనాల తర్వాత పేర్లు చదివినారు. లీవుల్లో ల్యాబ్‌కు వచ్చే పిల్లల్లో మా పాప పేరు! సరోజ తట్టలో పూలన్నీ హాల్లోనే చల్లేసింది. బావ ఈల వేసినాడు. ఆ గెడ్డం సార్ వచ్చి, "వచ్చేటప్పుడు మీ ఊరి మన్ను కొంచెం తీసుకురామ్మా" అన్నాడు.

నేను ముందుకు దూకినాను. "నేను తెస్తాను సార్! మంచి మన్ను తెస్తాను!"

పాప నా చెయ్యి పట్టుకునింది. "నైనా. మన్ను తీసుకురా. ఎట్లుండాదో అట్లనే. చుట్టూ ఏమీ చేర్చొద్దు."

కత్తెర కుచ్చుతో సహా తిరిగి పెట్టేసినాము. సుమతి మేడమ్ నాతో, "వచ్చే సంవత్సరం పవిత్ర స్టేజి మీద మాట్లాడనీ, దానికి ప్రింటు చేసేది ఏమీ ఉండదు" అనింది. మెచ్చుకునిందో, జాగ్రత్త పడిందో, నాకు ఇంకా తెలీలేదు.

ఇంగ మీరడిగిన కొట్టం సంగతి. కోసిన ముక్కలు పారేసేదానికి మనసు రాలేదు, మంచి ఫ్లెక్సు కదా. కొట్టం కప్పు కారతా ఉంటే పైన పరిచినాను, సొంతవాళ్ళందరినీ బోర్ల పండబెట్టి. నిన్న బావ వచ్చినాడు. నిచ్చెన ఎక్కినాడు. తన ముక్క మాత్రం తిప్పి, మొగం పైకి పెట్టి, రోడ్డు వైపు సరిచేసి దిగినాడు. "బస్సుకు కనిపించాల బావా" అన్నాడు. దిగి ఎంత బిరియానీ తిన్నాడో సరోజను అడగండి.

పోస్టరును మేడమ్ కాలేజీలో వాళ్ళ డిపార్ట్‌మెంట్ గోడకు తగిలించిందంట. వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు నా చేతుల్ని చూసి, ఎవురివి ఎవురివి అని అడుగుతా ఉండారంట. నాకు గొప్పగానే ఉండింది. పొద్దున సరోజను అడిగినాను, "ఏమే, నా తల ముక్క ఏమైంది? దాన్ని కూడా యాడన్నా పెడదామా?"

"పెట్టేసినాను" అనింది.

పోయి చూసినాను. కోళ్ళ గూటి మీద వాన పడకుండా కప్పి, పైన రాయి పెట్టింది. చేతులు కాలేజీలో ఉండాయి, తల కోళ్ళ గూటి మీద ఉండాది. మిగిలిన నేను ఈడ కూచోని మీకు వాయిస్ నోట్ పంపిస్తా ఉండాను. టీ కూడా చల్లారిపోయింది చూడండి.